ఆరు మెట్లు, ఆరు పాటలు: రాయ్‌పూర్ గీత దశాబ్ది (1965–1975)

పాటలకు వరుస సంఖ్యలు వేసి చివరి నుంచి మొదటికి ఎక్కి రావడం భారతీయ శ్రోతకు రేడియో నేర్పిన అలవాటు. 1952లో రేడియో సిలోన్‌లో ప్రారంభమైన 'బినాకా గీత్‌మాలా'లో అమీన్ సయానీ ఒక్కొక్క పాటను ఒక్కొక్క 'పాయ్‌దాన్' మీద, అంటే మెట్టు మీద, నిలిపేవారు. ఎంతో ఆదరణ పొందిన పాటకు 'సర్‌తాజ్' కిరీటం దక్కేది. ఆ వరుసకు రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల అభిప్రాయాలు ఆధారం. ఎంతమంది కొన్నారు, ఎంతమంది కోరారు అన్నదే కొలత. అటువంటి కొలతకు అందని పాటలను ఏ మెట్టు మీద నిలపాలన్న ప్రశ్న ఆ కార్యక్రమానికి ఎదురుకాలేదు; విమర్శకు మాత్రం ఎదురవుతుంది.

ఛత్తీస్‌గఢీ పాటలు అటువంటివి. 1963 అక్టోబరు 2న రాయ్‌పూర్‌లో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమయ్యేనాటికి ఆ భాషలో పాడేవారికి కొదవలేదు గాని, ఆ పాటను అమ్మే బజారు లేదు. పొలంలో స్త్రీపురుషులు ఒకరి పాటకు ఒకరు బదులు పలికే దదరియా, దీపావళి వేళ బుట్టలో మట్టి చిలుకను నిలిపి చుట్టూ చప్పట్లతో స్త్రీలు తిరిగే సువా, గురు ఘాసీదాస్‌ను కీర్తిస్తూ సత్నామీలు మాందర్ మద్దెలతో అడుగులు వేసే పంథీ, ఇవన్నీ ఎవరూ కొననక్కరలేని పాటలు. బతుకమ్మను, గొబ్బి పాటలను, నాట్ల పాటలను ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ స్థితిని విడమరచి చెప్పనవసరం లేదు. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు సాగే రైలు మార్గం, భిలాయి ఉక్కు కర్మాగారం, వీటి వెంట ఆ ప్రాంతానికి చేరి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పాటలు ఇరుగుపొరుగు పాటలే.

ఈ నేపథ్యంలో ఒక దశాబ్దాన్ని ఎంచి, అందులోని పాటలకు వరుస కట్టడం సాహసమే. వరుస వేయడం అభిరుచి చేసే పని. ఆ అభిరుచికి సంజాయిషీ చెప్పవలసిన బాధ్యత విమర్శది. ఇక్కడ తీసుకున్న దశాబ్ది 1965 నుంచి 1975 వరకు. 1965లో తొలి ఛత్తీస్‌గఢీ చలనచిత్రం 'కహి దేబే సందేశ్' వచ్చింది. 1975లో రాయ్‌పూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ 'చరణ్‌దాస్ చోర్' నాటకం రూపుదిద్దుకున్నది. ఈ రెండు మైలురాళ్ల మధ్యనే 'చందైనీ గోందా', 'సోనహా బిహాన్' అనే రెండు మహత్తర రంగస్థల ప్రదర్శనలు వెలిసినవి. రాష్ట్రం అప్పటికింకా పాతికేళ్ల దూరంలో ఉంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడినది. రాష్ట్రం రాకముందే దాని గొంతు తయారైన పదేళ్లు ఇవి. అందువల్ల ఇక్కడ కొలత అమ్మకం కాదు. పాట తొలి గాయకుని నోటి నుంచి ఎంత దూరం నడిచింది, ఆ నడకలో ఏమి పోగొట్టుకున్నది, ఏమి నిలుపుకున్నది అన్నదే కొలత.

ఆరవ మెట్టు మీద 1971 నాటి రెండవ ఛత్తీస్‌గఢీ చిత్రం 'ఘర్ ద్వార్'లోని యుగళగీతం నిలుస్తుంది. నిర్జన్ తివారీ దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రానికి రాయ్‌పూర్ కవి హరి ఠాకూర్ పాటలు రాయగా జమాల్ సేన్ సంగీతం సమకూర్చారు. మహమ్మద్ రఫీ, సుమన్ కల్యాణ్‌పుర్‌ల గొంతుల్లో దదరియాలోని సరస సంభాషణ బొంబాయి స్టూడియో మర్యాద నేర్చుకున్నది. పల్లె దదరియాలో ఒక చరణానికి మరొక చరణం అప్పటికప్పుడు పుడుతుంది. పాడేవారి చమత్కారాన్ని బట్టి పాట పెరుగుతుంది, మలుపు తిరుగుతుంది. సినిమాలో మాత్రం సమాధానం ముందే రాసి ఉంటుంది. మాధుర్యం దక్కినది, అనిశ్చయంలోని ఉల్లాసం తగ్గినది. ఈ లోటు వల్లనే దీనికి ఆరవ స్థానం. అయినా దీనిని వరుస నుంచి తొలగించడం న్యాయం కాదు. స్వాతంత్ర్య సమరంలో పాల్గొని, ప్రత్యేక ఛత్తీస్‌గఢ్ భావనకు అక్షరసేవ చేసిన హరి ఠాకూర్ వంటి కవి తన భాషకు చలనచిత్ర గౌరవం కల్పించడానికి పూనుకున్న సందర్భమిది. ఈ చిత్రం తరువాత మూడు దశాబ్దాలకు, 2000లో 'మోర్ ఛైంహా భుంయ్యా' వచ్చేదాక ఛత్తీస్‌గఢీ చిత్రసీమ దాదాపు నిద్రాణంగా ఉండిపోవడం గమనిస్తే, ఆ యుగళగీతంలోని మాధుర్యానికి కొంత ఒంటరితనం కూడా తోడవుతుంది.

అయిదవ మెట్టు మీద ఉన్నది అందరికీ తెలిసిన పాట, ఎవరిదో చాలామందికి తెలియని పాట. అత్త తిడుతుంది, ఆడబిడ్డ దెప్పుతుంది, అయినా అత్తవారిల్లు బంతిపూవే అంటూ ఒక కోడలు నవ్వుతూ మొరపెట్టుకొనే ఈ గీతం 1970వ దశకంలో రాయ్‌పూర్‌కు చెందిన జోషీ సోదరీమణులు రమ, ప్రభ, రేఖల గొంతులో ఛత్తీస్‌గఢ్ అంతటా వినిపించింది. 2009లో 'ఢిల్లీ-6' హిందీ చిత్రంలో ఏ.ఆర్. రెహమాన్ సంగీతంలో అది దేశమంతటికీ చేరినది. అప్పుడే ఈ పాట ఎక్కడిది, ఎవరిది అన్న చర్చ పత్రికలకు ఎక్కినది. కొలత నడిచిన దూరమే అయితే దీనికి మొదటి స్థానం రావలసినది. అయితే జానపద గీతం నగరానికి చేరే వేళ దారిలో రాలిపడేది తరచుగా పేరే. జానపదమన్న మాటను 'కర్త లేనిది' అన్న అర్థంలో వాడడం మన విమర్శకులకు, సంగీత వ్యాపారులకు సమానమైన అలవాటు. జానపదానికి కర్త ఉండడు అన్నది సగం నిజం. దానికి మోసుకొచ్చినవారు ఉంటారు. ఒక పాటను ఒక బాణీలో నిలబెట్టి, ఒక తరం చెవిలో పదిలపరచిన గొంతులు ఉంటాయి. రేడియో, వేదిక ఆ గొంతులకు పేర్లు ఇచ్చినవి. సినిమా ఆ పేర్లను మరుగుపరచినది. పాటలోని కోడలి హాస్యం ఇంతటి ప్రయాణంలోనూ చెక్కుచెదరలేదు. ఫిర్యాదును పూలదండగా గుచ్చే ఆ నేర్పు పాటది. ఆ దండను మోసినవారిది అయిదవ మెట్టు.

నాల్గవ మెట్టు తొలి చిత్రానిది. రాయ్‌పూర్ ప్రాంతం వాడైన మనూ నాయక్ బొంబాయిలో చిత్ర నిర్మాణ సంస్థలో పనిచేస్తూ, భోజ్‌పురి తొలి చిత్రం సాధించిన విజయం చూసి తన భాషలోనూ ఒక చిత్రం తీయ సంకల్పించారు. ఆయన ఎంచుకున్న కథ సామాన్యమైనది కాదు. సత్నామీ యువకుడు, బ్రాహ్మణ యువతి మధ్య ప్రేమ. చిత్రానికి వ్యతిరేకత ఎదురైనది. నాటి కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి ఇందిరాగాంధీ జాతీయ సమైక్యతకు దోహదం చేసే చిత్రంగా దానిని సమర్థించారు. మలయ్ చక్రవర్తి సంగీతం కూర్చిన ఈ చిత్రంలోని పాటలు రాసినది డాక్టర్ హనుమంత్ నాయుడు. ఆ నాయుడు అన్న పేరు తెలుగు పాఠకుని చూపును ఒక క్షణం నిలుపుతుంది. ఛత్తీస్‌గఢీ సినిమా పాటకు తొలి అక్షరం దిద్దిన చేయి అది.

ఆ పాటలలో మహమ్మద్ రఫీ పాడినది ఒకటి ప్రత్యేకంగా నిలుస్తుంది. ఏరును తోబుట్టువుగా, కొండను 'మితాన్'గా భావించే గీతమిది. మితాన్ అన్న మాటకు స్నేహితుడు అన్న అర్థం చాలదు. కులం, తెగ ఎంచకుండా ఇద్దరు వ్యక్తులు కర్మకాండ సాక్షిగా కలుపుకొనే ఆజన్మ బంధం అది. ఆ తరువాత రెండు కుటుంబాలు బంధువులే. సంప్రదాయమే కల్పించిన ఈ కులాతీత బంధాన్ని కొండకు అన్వయించడంలో హనుమంత్ నాయుడు వేసిన ఎత్తు గడుసైనది. కథ బోధించబోయే సమతను ప్రకృతి వర్ణన ముందుగానే పాడి పెట్టినది. వ్యతిరేకులు కథను చూసి అభ్యంతరం చెప్పవచ్చు గాని, తమ ఊరి ఆచారాన్నే కొండకు చుట్టిన పాటను ఎలా కాదనగలరు? రఫీ ఉచ్చారణలో అక్కడక్కడ హిందీ ఛాయ తొంగిచూస్తుంది. ఆ లోపం కూడా ఆ పాట చరిత్రలో భాగమే. తన భాషను జాతీయ గాయకుని నోట వినడం ఆ తరానికి దక్కిన మొదటి గర్వం.

మూడవ మెట్టు మీద నేడు రాష్ట్రగీతమైన పాట ఉండడం కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు. భాషాశాస్త్రవేత్త, కవి డాక్టర్ నరేంద్ర దేవ్ వర్మ రచించిన 'అర్పా పైరీ కే ధార్' 1974లో దావు మహాసింగ్ చంద్రాకర్ వెలయించిన 'సోనహా బిహాన్' ప్రదర్శనతో ప్రజలలోకి వచ్చింది. బంగారు ఉదయం అన్నది ఆ పేరుకు అర్థం. వర్మ నవల 'సుబహ్ కీ తలాశ్' ఆ ప్రదర్శనకు ఆధారం. మహాసింగ్ కుమార్తె మమతా చంద్రాకర్ గొంతుతో ఈ పాట తరువాతి తరాలకు చేరింది. 2019 నవంబరులో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం దీనిని రాష్ట్రగీతంగా స్వీకరించింది. అప్పటికి కవి కన్నుమూసి నలభై ఏళ్లు.

ఈ పాట నదులతో మొదలై జిల్లాలను తల్లి అవయవాలుగా, ఆభరణాలుగా కూర్చుతుంది. అందులో రాయ్‌పూర్ నడుము. రాజనందగావ్ కొత్త వడ్డాణం. 'కొత్త' అన్న విశేషణం కేవలం అలంకారం కాదు. రాజనందగావ్ 1973లోనే విడిగా జిల్లా అయినది. మరుసటి ఏడు వినిపించిన పాటలో పాలనాపరమైన ఒక తాజా మార్పు నగగా మారిపోయినది. దేశమాతను అంగాంగవర్ణనతో స్తుతించడం పాత పద్ధతే. గెజిట్‌లోని మార్పును ఇంత త్వరగా కవిత్వం చేయడం అరుదు. ఒక భౌగోళిక ప్రాంతం రాష్ట్రం కాకముందే తనను ఒక శరీరంగా ఊహించుకోగలగడం ఈ పాట సాధించిన ఘనకార్యం. తెలుగువారికి ఇది పరిచితమైన చరిత్రే. శంకరంబాడి సుందరాచారి 'మా తెలుగు తల్లికి' గీతం 1940వ దశకానిది. ఆంధ్రప్రదేశ్ అవతరణ 1956లో. అందెశ్రీ 'జయ జయహే తెలంగాణ' ఉద్యమకాలంలో పుట్టి, రాష్ట్రం వచ్చిన పదేళ్లకు 2024లో రాష్ట్రగీతమైనది. పాట ముందు నడుస్తుంది. రాష్ట్రం దాని వెంట వస్తుంది.

అయితే అధికార పీఠమెక్కిన పాటకు కొన్ని నియమాలు తప్పవు. సభల కోసం దాని నిడివి కుదిస్తారు. నిలబడి వినవలసిన పాటకు తాళం వేస్తూ వినే స్వేచ్ఛ ఉండదు. పాటలోని పటం కూడా గడ్డకడుతుంది. ఛత్తీస్‌గఢ్ జిల్లాల సంఖ్య 2022 నాటికి 33కు చేరినది. తల్లి ఒంటి మీద కొత్త నగలకు పాటలో చోటు లేదు. ఇది కవి దోషం కాదు; స్తుతిగీతమన్న ప్రక్రియకున్న హద్దు. స్తుతి తల్లిని చూపుతుంది. ఆ తల్లి బిడ్డలు ఏ స్థితిలో ఉన్నారన్న ప్రశ్నకు సమాధానం పై మెట్ల మీద వెతకవలసి ఉంటుంది.

రెండవ మెట్టు 'చరణ్‌దాస్ చోర్'లో సత్యాన్ని కీర్తించే బృందగానానిది. విజయ్‌దాన్ దేథా చెప్పిన రాజస్థానీ కథను హబీబ్ తన్వీర్ ఛత్తీస్‌గఢ్ నాచా కళాకారులకు అప్పగించారు. ఒక దొంగ గురువు ముందు అబద్ధమాడనని ప్రతిజ్ఞ చేస్తాడు. దానికి తోడు బంగారు పళ్లెంలో తిననని, ఏనుగు మీద ఊరేగనని, రాణిని పెళ్లాడనని, రాజ్యం ఏలనని వేళాకోళంగా ఒట్లు పెట్టుకుంటాడు. అవన్నీ నిజంగా ఎదురైనప్పుడు మాట తప్పలేక ప్రాణం కోల్పోతాడు. స్వర్ణకుమార్ సాహూ, గంగారాం సఖేత్‌లు ఈ నాటకానికి పాటలు రాశారు. నాటకం తొలి రూపం భిలాయిలో సత్నామీల సమావేశంలో ప్రదర్శితమైనది. సత్యమే దైవమన్నది వారి మతం. పంథీ బాణీలో సాగే ఆ గానం ఆ ప్రేక్షకులకు నాటకంలోని పాట కాదు, తమ ప్రార్థనే.

ఇక్కడే తన్వీర్ ప్రతిభ కనిపిస్తుంది. భక్తిగీతానికి ఆయన ఒక దొంగను ఆలంబనగా నిలిపారు. సత్యాన్ని కీర్తించడం సులభం; సత్యం ఒక దొంగ ప్రాణం తీసుకున్న వెంటనే దానిని కీర్తించవలసి రావడం కష్టం. మద్దెల లయ వేగం పుంజుకొనే కొద్దీ ప్రేక్షకుడు ఆనందించాలో దుఃఖించాలో తెలియని స్థితికి చేరుతాడు. మన వేమన పద్యం చురుక్కుమనిపించి వదులుతుంది. ఈ పాట కాలు కదిలించి మరీ చురుక్కుమనిపిస్తుంది. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఈ నాటకానికి ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం లభించినప్పుడు భాష తెలియని ప్రేక్షకులను పట్టి నిలిపిన వాటిలో ఈ గానానికి గణనీయమైన పాలు ఉండి తీరాలి. 2009లో తన్వీర్ మరణించిన కొద్దికాలానికే సత్నామీ సమాజంలోని కొందరి అభ్యంతరాలను పురస్కరించుకొని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ నాటక పుస్తకంపై ఆంక్ష విధించింది. ఎవరి మధ్య తొలిసారి పాడారో వారిలోనే కొందరికి ఆ పాట పరాయిదిగా తోచడం ఉపేక్షింపదగిన విషయం కాదు. ఒక సమాజం ప్రార్థనను రంగస్థలం మీదికి తెచ్చే కళాకారుడు ఆ సమాజానికి తరతరాలుగా జవాబుదారీ. పాట గొప్పతనం ఆ జవాబుదారీని తగ్గించదు, పెంచుతుంది.

మొదటి మెట్టు మీద లక్ష్మణ్ మస్తూరియా రాసి పాడిన 'మోర్ సంగ్ చలవ్ రే'. దుర్గ్ సమీపంలోని బఘేరా గ్రామంలో దావు రామచంద్ర దేశ్‌ముఖ్ 1971 నవంబరులో ఆరంభించిన 'చందైనీ గోందా'లో ఈ పాట వెలుగు చూసినది. చిట్టి బంతిపూవు పేరు పెట్టుకున్న ఆ ప్రదర్శన రైతు జీవితంలోని పండుగను, పాట్లను గుదిగుచ్చి చూపించింది. ఖుమాన్‌లాల్ సావ్ సంగీతం కూర్చారు. ఊరి బాణీకి వాద్యాల బరువు మితిమీరకుండా, అదే సమయంలో పెద్ద మైదానంలో వేలాది జనానికి వినిపించేటట్లు ఆయన పాటించిన సమతూకం ఆ తరువాతి ఛత్తీస్‌గఢీ సంగీతానికి ఒరవడి అయినది. 2015కు గాను సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయనను వరించినది. మస్తూరియాకు అప్పటికి నిండా పాతికేళ్లు లేవు.

నాతో నడవండి అని పిలిచే పాటలు ప్రతి భాషలోనూ ఉన్నవి. ఈ పాట విశిష్టత పిలుపులో కన్న, పిలుపు అందుకొనేవారి ఎంపికలో ఉన్నది. ఇది వీరులను పిలవదు. పడిపోయినవారిని, తడబడినవారిని, అణగిపోయినవారిని పిలుస్తుంది. పిలిచి వెంటనే నడవమనదు. ముందు మామిడితోపు వంటి చల్లని నీడలో కూర్చోబెడుతుంది; దాహం తీరుస్తుంది; బాధ మరవమంటుంది. ఆ తరువాతనే ఆపదతో పోరాటం, స్వర్గాన్ని నేలకు దింపాలన్న సంకల్పం. 1965–67 కరువు ఏళ్లు అప్పటికి దూరపు జ్ఞాపకం కాలేదు. అటువంటి కాలంలో ఈ క్రమం కవి ఔచిత్యాన్ని తెలుపుతుంది. ఆకలితో ఉన్నవానికి ముందు నీడ కావాలి, ఆ తరువాతనే జెండా. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లోని పిలుపు నగారా మోతతో మొదలవుతుంది. మస్తూరియా పిలుపు నీటి చెంబుతో మొదలవుతుంది. రెండింటి గమ్యం ఒక్కటే కావచ్చు. అలసినవాడు రెండవదాని వెంట ఎక్కువ దూరం నడుస్తాడు.

ఇందులోని 'నేను' కవి కాడు. నీడ నేనే, నీరు నేనే అని చెప్పుకొనే ఆ గొంతు ఒకసారి నేలతల్లిదిగా, మరొకసారి తోటి కూలీదిగా వినిపిస్తుంది. దీనిని పాడే ప్రతివాడూ తప్పనిసరిగా ఆ 'నేను' కావలసిందే. రాష్ట్రగీతాన్ని పాడేవాడు తల్లికి మొక్కుతాడు; ఈ పాటను పాడేవాడు పక్కవాని చేయి పట్టుకుంటాడు. ఒక పాట గొప్ప, మరొకటి తక్కువ అని కాదు. మొక్కుకున్న చేతులు విడివడిన తరువాత చేయవలసిన పని ఈ రెండవ పాట చెబుతుంది. మూడవ మెట్టుకూ మొదటి మెట్టుకూ మధ్య దూరం ఇదే. పైగా ఈ పాట ఇంతగా జనంలో కలిసిపోయినా కర్త పేరును పోగొట్టుకోలేదు. 2018 నవంబరులో మస్తూరియా రాయ్‌పూర్‌లో కన్నుమూసేనాటికి, ఆయన పేరు చెబితే ఈ పాట, ఈ పాట వింటే ఆయన పేరు స్ఫురించే స్థితి ఏర్పడినది. అందరిదీ అయిన పాట ఒకరిది కూడా అయి ఉండవచ్చునని నిరూపించినందుకు దీనికి సర్‌తాజ్ స్థానం.

ఈ వరుసను ఇంకొకరు మరొక విధంగా పేర్చవచ్చు. రాష్ట్రగీతాన్ని పైకి, దొంగ పాటను కిందికి దించవచ్చు. దదరియాకు ప్రాణమిచ్చేవారు స్టూడియో పాటలను అసలే లెక్కించకపోవచ్చు. వరుస మారినా ఒక బాధ్యత మారదు. ఆకాశవాణిలో పాటకు ముందు రచయిత పేరు, సంగీతకర్త పేరు, గాయకుల పేర్లు చదివే ఆనవాయితీ ఉండేది. ఆ నాలుగు క్షణాలు శ్రోతకు విసుగు కలిగించి ఉండవచ్చు. అయిదవ మెట్టు మీది కోడలి పాటను తలచుకుంటే ఆ నాలుగు క్షణాల విలువ అర్థమవుతుంది. నిధులు మంజూరు చేసే అధికారి, సంకలనం కూర్చే సంపాదకుడు, పాటను కొత్త చిత్రంలోకి తీసుకొనే సంగీతకర్త ముందుగా చేయవలసిన పని అదే: హనుమంత్ నాయుడు, హరి ఠాకూర్, జోషీ సోదరీమణులు, నరేంద్ర దేవ్ వర్మ, స్వర్ణకుమార్ సాహూ, గంగారాం సఖేత్, లక్ష్మణ్ మస్తూరియా అని పేర్లు చదవడం. ఆ తరువాత పాట వినిపించవచ్చు.